పది నిమిషాలు కొట్టి బంద్ అయితుంది: వూఫర్ తప్పా, యాంప్ తప్పా?

నయీంనగర్ పోరడు | ఆదివారం, రాత్రి 9:40

అన్నలందరికి నమస్తే. నాది స్విఫ్ట్. పోయిన నెల 12 అంగుళాల వూఫర్, గదే బాస్ స్పీకర్, కొన్న. డబ్బా మీద 1400 వాట్స్ అని పెద్దగ ఉన్నది. యాంప్ (యాంప్లిఫయర్) మా బావ పాత కారుల నుంచి తీసింది, నాలుగు చానెళ్లది, దాని మీద 1000 వాట్స్ అని రాసున్నది. హన్మకొండల ఒక షాపుల ఫిట్టింగ్ చేపిచ్చిన. ముంగటి రెండు చానెళ్లు డోర్ స్పీకర్లకు, ఎన్కటి రెండు బ్రిడ్జ్ చేసి, అంటె ఒక్కటిగ కలిపి, వూఫర్‌కి ఇచ్చిండు.

మొదటి రోజు మస్తు కొట్టింది. నిన్న దోస్తులతోటి ములుగు పోయినం. గూడెప్పాడ్ దాటంగనే బంద్, యాంప్ మీద ఎర్ర లైట్. పక్కకు ఆపి ఐదు నిమిషాలు సల్లార్చినంక మళ్ల పాడింది. మల్లంపల్లి కాడ మళ్ల బంద్. వచ్చేటప్పుడు గూడ గదే కథ. చిన్నగ పెట్టుకుంటె ఏం కాదు, సౌండ్ పెంచితె పది నిమిషాలే. వూఫర్‌తోటి డోర్ స్పీకర్లు గూడ బంద్ అయితున్నయి.

షాపాయన "బ్యాటరీ సరిపోతలేదు, కెపాసిటర్ పెట్టాలె" అంటుండు. ఇంకో షాపుల "వూఫర్ డూప్లికేట్" అన్నరు. యాంప్ వెయ్యి, వూఫర్ పద్నాలుగొందలు. యాంపే తక్కువున్నది కద, మరి లోడ్ ఎక్కడిది? నాకు సమజైతలేదు.

కరీంనగర్ బాస్ | ఆదివారం, రాత్రి 10:05

ముందుగాల ఆ వెయ్యి, పద్నాలుగొందలు రెండూ మర్చిపో తమ్మీ. డబ్బా మీది అంకె అమ్మెతందుకు. యాంప్ బుక్కు ఉంటె తీయి, లేకుంటె మోడల్ నంబర్ కొట్టి నెట్‌ల చూడు. అండ్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండ ఇయ్యగలిగే అసలు వాట్స్) అని చిన్న పట్టిక ఉంటది: 4 ఓమ్‌ల (ఓమ్ అంటె స్పీకర్ కరెంటుకు పెట్టే అడ్డు) ఎంత, 2 ఓమ్‌ల ఎంత, బ్రిడ్జ్‌ల ఎంత. ఆ మూడు అంకెలు ఇక్కడ పెట్టు. వూఫర్‌ది గూడ ఆర్‌ఎంఎస్ చూడు. ఇంకోటి, వూఫర్‌కు రెండు టెర్మినళ్లు ఉన్నయా, నాలుగున్నయా? యాంప్ పక్కన ఫ్యూజులు ఎన్ని ఆంపియర్లవి?

గోదావరిఖని బొగ్గు | ఆదివారం, రాత్రి 10:12

యాంప్ సీటు కింద కార్పెట్‌ల చుట్టి పెట్టలేదు కద? మా దిక్కు ఎండకాలం నిలబెట్టిన బండిల యాంప్ మీద చెయ్యి పెడితె ఆమ్లెట్ వేసుకోవచ్చు. నాదొకటి గట్లనే ప్రొటెక్ట్‌ల పడేది, అంటె వేడికి తనంతట అదే బంద్ అయ్యేది, కార్పెట్ తీసి గాలి తగిలేటట్టు పెడితె బాగైంది.

నయీంనగర్ పోరడు | సోమవారం, పొద్దున 7:50

డిక్కీల వూఫర్ బాక్స్ ఎన్క బిగించిండు అన్నా, గాలి బాగనే తగులుతది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

యాంప్: 4 ఓమ్‌ల 50 వాట్స్ × 4, 2 ఓమ్‌ల 75 × 4, బ్రిడ్జ్ 4 ఓమ్‌ల 150 × 2. ఫ్యూజులు 20వి రెండు. వూఫర్: నాలుగు టెర్మినళ్లు, డ్యూయల్ 4 ఓమ్ అని ఉన్నది, 300 ఆర్‌ఎంఎస్. వెయ్యి వాట్స్ అని కొన్నదాంట్ల 150 అని చదివినంక నాకు రాత్రి నిద్ర పట్టలే.

బీటెక్ సప్లీ | సోమవారం, పొద్దున 8:20

ఫ్యూజులు అబద్ధం చెప్పవు బ్రో. రెండు ఇరవైలు, 40 ఆంపియర్లు. బండి స్టార్ట్‌ల ఉన్నప్పుడు 14 వోల్టులు అనుకో, లోపలికి పోయేదే 560 వాట్స్. ఏబీ క్లాస్ అనే రకం యాంప్ అయితే అందులో దగ్గర దగ్గర సగం వేడి కింద పోతది. మిగిలేది 300 చిల్లర. బుక్కుల 75 × 4 అంటే సరిగ్గా 300. లెక్క కుదిరింది చూడు. బుక్కు నిజమే చెప్పింది, డబ్బానే కోసింది.

లోకోషెడ్ తాత | సోమవారం, మధ్యాహ్నం 2:30

నేను కాజీపేట లోకో షెడ్‌లో ఎలక్ట్రికల్ పని చేసి రిటైర్ అయినవాణ్ణి. మా మనుమడికి కారులో ఇదే పని చేసిపెట్టి, అప్పటి నుంచి ఇక్కడ తిరుగుతున్నాను.

బాబూ, నీ వూఫర్‌లో రెండు కాయిళ్లు ఉన్నాయి, ఒక్కొక్కటి 4 ఓమ్‌లు. వాటిని ఒకదాని వెనక ఒకటి కలిపితే, అంటే సిరీస్‌లో, 8 అవుతుంది. పక్కపక్కన కలిపితే, ప్యారలల్‌లో, 2 అవుతుంది. నీ కాయిళ్లతో 4 ఓమ్‌లు రావు. ఇది ముందు గుర్తుపెట్టుకో, ఎందుకంటే నీ యాంప్ బ్రిడ్జ్‌లో అడిగేది ఆ 4 ఓమ్‌లే.

ఇప్పుడు బ్రిడ్జ్ సంగతి. బ్రిడ్జ్ అంటే రెండు చానెళ్లు ఒకే వూఫర్‌ను చెరోవైపు పట్టుకుని ఒకటి నెడుతుంటే ఇంకొకటి లాగడం. అందుకే ఒక్కో చానెల్‌కు వూఫర్ ఓమ్‌లో సగమే కనిపిస్తుంది. 4 ఓమ్ పెడితే ఒక్కో చానెల్ 2 ఓమ్ మోస్తుంది. నీ బుక్కులో చూడు, 2 ఓమ్‌లో 75. ఆ 75, ఈ 75 కలిపితేనే బ్రిడ్జ్‌లో 150. అదే నువ్వు 2 ఓమ్ వూఫర్‌ను బ్రిడ్జ్ మీద పెడితే ఒక్కో చానెల్‌కు కనిపించేది 1 ఓమ్. 1 ఓమ్ అనే మాట నీ బుక్కులో ఎక్కడా లేదు కదా?

ఓమ్ సగమైతే కరెంటు రెట్టింపు. మొదటి రోజు మస్తుగా కొట్టింది అన్నావు చూడు, అందుకే కొట్టింది. బుక్కు ఒప్పుకోని కరెంటు లాగి కొట్టింది. ఆ వేడికి లోపలి రక్షణ సర్క్యూట్ మొత్తం యాంప్‌ను ఆపేస్తోంది, అందుకే డోర్ స్పీకర్లు కూడా పోతున్నాయి. పొలంలో మోటర్ స్టార్టర్ ట్రిప్ అయినట్టు అన్నమాట. ట్రిప్ అయిన ప్రతిసారీ స్టార్టర్‌ను తిట్టేవాళ్లను, ట్రిప్ కాకుండా పుల్ల పెట్టి బిగించేవాళ్లను కూడా చూశాను. ఆ తర్వాత మోటర్ వైండింగ్‌కు పోతుంది.

షాపులో రెండు కాయిళ్లు ప్యారలల్‌లో కలిపారని నా అనుమానం. అనుమానం మీద వైరు పీకవద్దు. మల్టీమీటర్ ఉందా?

పరకాల మెకానిక్ | సోమవారం, సాయంత్రం 6:15

తాతా మీ మీద గౌరవంతోనే అంటున్న. నేను షాపోన్నే. 2 ఓమ్ బ్రిడ్జ్ మీద ఎన్నో బండ్లు కట్టిన, నడుస్తనే ఉన్నయి. కస్టమర్ వచ్చి "సౌండ్ చాలదు" అంటడు, 8 ఓమ్‌ల కడితె మల్ల పక్క షాపుకు పోయి ప్యారలల్ చేపిచ్చుకుంటడు, పేరు వానికి పోతది. మా బాధ గూడ చూడుండ్రి.

లోకోషెడ్ తాత | సోమవారం, సాయంత్రం 6:40

కొన్ని యాంపులు బ్రిడ్జ్‌లో 2 ఓమ్‌కు తయారు చేసినవే ఉంటాయి నాయనా, వాటి బుక్కులో ఆ మాట రాసి ఉంటుంది. అలాంటివాటికి నువ్వు కట్టింది తప్పు కాదు. ఇతని బుక్కు 4 దగ్గరే ఆగింది. చిన్నగా పాటలు వినేవాడి బండిలో నీ పద్ధతి ఏండ్లు నడుస్తుంది కూడా. దోస్తులను ఎక్కించుకుని ములుగు పోయేవాడి బండిలో నడవదు.

పరకాల మెకానిక్ | సోమవారం, సాయంత్రం 6:52

గది నిజమే. చిన్న సౌండ్‌కు లోడ్ తెల్వది.

కరీంనగర్ బాస్ | సోమవారం, రాత్రి 8:10

కెపాసిటర్ ముచ్చట ఎవరన్న తేల్చుండ్రి, లేకుంటె తమ్ముడు రేపే పోయి కొనుక్కొస్తడు.

బీటెక్ సప్లీ | సోమవారం, రాత్రి 8:45

నేను తేలుస్తా. ఈ ఒక్క చాప్టర్‌లో నేను పాస్.

1 ఫ్యారడ్ కెపాసిటర్ అనుకుందాం, షాపుల్లో ఎక్కువ కనిపించేది అదే. అందులో దాచుకున్న శక్తి అర-సీ-వీ-స్క్వేర్ (సీ అంటే ఫ్యారడ్లు, వీ అంటే వోల్టులు). 14 వోల్టుల నుంచి 13కి దిగేలోపు అది ఇచ్చేది: 196 లోంచి 169 తీసేస్తే 27, అందులో సగం 13.5 జౌళ్లు. 300 వాట్స్ లాగే లోడ్‌కు 13.5 జౌళ్లు ఎంతసేపు వస్తాయి? 0.045 సెకను. డోలు మీద ఒక్క దెబ్బ పూర్తిగా పడేలోపే అయిపోతది. తర్వాత మళ్లీ అదే బ్యాటరీ, అదే ఆల్టర్నేటర్ దాన్ని నింపాలి. హెడ్‌లైట్లు పాటతో పాటు మిణుకుమంటే ఒకింత తగ్గుతుందేమో, అంతే. నీ యాంప్ ఆగేది వేడితో, పది నిమిషాలకు. దానికీ దీనికీ సంబంధం లేదు.

నయీంనగర్ పోరడు | మంగళవారం, సాయంత్రం 5:30

మీటర్ మా బాబాయి దగ్గర దొరికింది. వూఫర్ బాక్స్‌కు పోయే రెండు వైర్లు యాంప్ కాడ విప్పి, మీటర్ 200 ఓమ్‌ల పెట్టి చూసిన. 2.1 చూపెట్టింది. అంటె 2 ఓమ్ అన్నట్టేనా? మరి వూఫర్ మంచిదేనా?

లోకోషెడ్ తాత | మంగళవారం, సాయంత్రం 5:55

మీటర్ రెండు పుల్లలు ఒకదానికొకటి తాకించి చూడు. ఆ వచ్చిన అంకెను తీసేయాలి, అది మీటర్ తీగలదే. తర్వాత స్క్రూలు తీసి వూఫర్ బయటికి లాగు, కాయిళ్ల మధ్య కలిపిన వైర్లు ఊడదీసి ఒక్కో కాయిల్ విడిగా చూడు.

నయీంనగర్ పోరడు | మంగళవారం, సాయంత్రం 7:20

పుల్లలు తాకిస్తె 0.4 ఉన్నది తాతా. కాయిళ్లు విడివిడిగ రెండూ 3.8, 3.8. అంటె 0.4 తీస్తె 3.4. 4 రాలేదేంది? డూప్లికేటేనా?

మీరన్నట్టే రెండు ప్లస్సులు ఒక్కకాడ, రెండు మైనస్సులు ఒక్కకాడ పురి పెట్టి టేప్ చుట్టిండు. ప్యారలలే.

బీటెక్ సప్లీ | మంగళవారం, సాయంత్రం 7:35

డూప్లికేట్ కాదు. మీటర్ కొలిచేది ఉత్త తీగ నిరోధం. పాట వచ్చేటప్పుడు కాయిల్, అయస్కాంతం, బాక్స్ అన్నీ కలిసి చూపెట్టే అడ్డును ఇంపీడెన్స్ అంటారు, అది ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఒక్కోలా ఉంటుంది. 4 ఓమ్ అనేది కంపెనీ పెట్టుకున్న పేరు లాంటిది. 4 ఓమ్ కాయిల్ మీటర్ మీద ఎప్పుడూ ఇంకాస్త తక్కువే చూపిస్తుంది, 3.4 మామూలే. ముఖ్యమైన సంగతి ఏమిటంటే రెండూ ఒక్కలా ఉన్నాయి. ఒకటి 3.4, ఇంకోటి 1 చూపెడితే అప్పుడు ఏడవాలి.

రెండు 3.4లు ప్యారలల్‌లో 1.7. నీ 2.1లోంచి 0.4 తీస్తే 1.7. దశాంశంతో సహా కలిసింది.

నర్సంపేట వ్యాన్ | మంగళవారం, రాత్రి 9:00

నడుమల వస్తున్న, ఏమనుకోకుండ్రి. నా దగ్గర రెండు వూఫర్లున్నయి, డ్యూయల్ 2 ఓమ్‌వి. మోనో యాంప్, అంటె ఒక్క చానెల్‌ది, 1 ఓమ్ దాక అని ఉన్నది. రెండింటిని కలిపి 1 ఓమ్ తేవాలె. ఎట్ల కట్టాలె?

కరీంనగర్ బాస్ | మంగళవారం, రాత్రి 9:15

రాదే అన్నా. నాలుగు కాయిళ్లు, ఒక్కోటి 2. అన్నీ పక్కపక్కన కడితె అర ఓమ్, యాంప్ కాలుతది. ఒక్కో వూఫర్ సిరీస్‌ల కట్టి 4 చేసి, రెండింటిని ప్యారలల్ చేస్తె 2. అన్నీ సిరీస్ చేస్తె 8. నువ్వెట్ల తిప్పి కట్టినా సమానంగ పంచుతె అర, 2, 8 ఈ మూడే. 1 కావాలంటె డ్యూయల్ 4 ఓమ్‌వి రెండు కొనాలె, అవి అన్నీ ప్యారలల్ చేస్తె 1 అయితది. 2 ఓమ్‌ల కట్టుకో, యాంప్ సల్లగుంటది.

నర్సంపేట వ్యాన్ | మంగళవారం, రాత్రి 9:18

కొనేముందు అడగాలె ఇది.

నిర్వాహకుడు | మంగళవారం, రాత్రి 9:30

నర్సంపేట అన్నా, నీది వేరే చర్చ పెట్టు. ఇక్కడ పోరడి ముచ్చట నడవనీ.

నయీంనగర్ పోరడు | బుధవారం, రాత్రి 10:20

తాతా నేనే సిరీస్‌ల కట్టిన. మీటర్ పెడితె 7.2, అంటె 6.8. లెక్క మంచిగనే ఉన్నది. కని ఇప్పుడు అసలు బాస్ లేదు! డోర్ స్పీకర్లకంటె తక్కువున్నది. కోన్ మీద చెయ్యి పెడితె కదులుతలేదు. 8 ఓమ్‌ల సౌండ్ తగ్గుతదని తెల్సు, గింత తగ్గుతదా? వూఫర్ కాల్చిన్నా ఏంది? చెయ్యి వణుకుతున్నది.

లోకోషెడ్ తాత | బుధవారం, రాత్రి 10:35

కాలలేదు, భయపడకు. ఒక కాయిల్ తిరగేసి కట్టావు. ఒకటి కోన్‌ను బయటికి నెడుతుంటే ఇంకొకటి లోపలికి లాగుతోంది, కోన్ మధ్యలో నిలబడింది. మీటర్‌కు ఈ తప్పు దొరకదు, ఎటు కట్టినా 6.8 చూపిస్తుంది. యాంప్ ఆపి పడుకో. రేపు పొద్దున గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్ ఒకటి తీసుకుని, కాయిళ్లు రెండూ విడదీసి, ఒక్కోదానికి విడిగా సెల్ ఇలా తాకించి అలా తీసేయి. సెల్ ప్లస్ ఏ టెర్మినల్‌కు తాకితే కోన్ బయటికి లేస్తుందో అదే ఆ కాయిల్ ప్లస్. పెన్నుతో గుర్తు పెట్టుకో.

సిరీస్‌లో యాంప్ ప్లస్ మొదటి కాయిల్ ప్లస్‌కు, ఆ కాయిల్ మైనస్ నుంచి రెండో కాయిల్ ప్లస్‌కు చిన్న వైరు, రెండో కాయిల్ మైనస్ యాంప్ మైనస్‌కు. నువ్వు నడుమ వైరు మైనస్ నుంచి మైనస్‌కు వేసి ఉంటావు.

నయీంనగర్ పోరడు | గురువారం, పొద్దున 8:05

టప్ మని లేచింది తాతా, సెల్ పెట్టంగనే! మా చెల్లె సూసి "బతికే ఉన్నది" అన్నది. ఇంకో కాయిల్ ఉల్టా ఉన్నది. మీరన్నట్టే మైనస్‌కు మైనస్ కలిపిన. ఇప్పుడు సరిచేసిన, సాయంత్రం బండి తిప్పి చెప్త.

గోదావరిఖని బొగ్గు | గురువారం, పొద్దున 9:30

తాతకు వీడియో గూడ పంపలేదు, ఫోటో గూడ పంపలేదు. రాసింది చదివి పట్టిండు. లోకో షెడ్డా మజాకా.

నయీంనగర్ పోరడు | గురువారం, రాత్రి 9:50

హసన్‌పర్తి మీదికెళ్లి ఎల్కతుర్తి దాక పోయి తిరిగొచ్చిన. గంట పైనే పెద్ద సౌండ్‌ల కొట్టింది, ఎర్ర లైట్ రాలే. యాంప్ మీద చెయ్యి పెడితె గోరువెచ్చగ ఉన్నది, గంతే. కని నిజం చెప్పాలె, మొదటి రోజు దెబ్బ లేదు. పాట మంచిగ వినబడుతున్నది, ఛాతిల కొడ్తలేదు.

కరీంనగర్ బాస్ | గురువారం, రాత్రి 10:10

8 ఓమ్ బ్రిడ్జ్ అంటె ఒక్కో చానెల్‌కు 4 కనబడుతది. 50, 50 కలిపి 100 వాట్స్. నీ వూఫర్ 300 మోస్తది. మూడో వంతే పెడుతున్నవ్. 100కు 300కు నడుమ 5 డెసిబెల్స్ తేడా, అది చెవికి బాగనే తెలుస్తది. 150 నుంచి 100కు దిగినా అయితె 2 డెసిబెల్స్ గూడ కాదు, అంత తెల్వది.

నాకు తెలిసిన ఒకాయన ఒక్క కాయిలే వాడుతడు, రెండోది ఖాళీగ వదిలిండు. 4 ఓమ్ దొరికింది గద అంటడు.

బీటెక్ సప్లీ | గురువారం, రాత్రి 10:25

ఒక్క కాయిల్ మీద నడుస్తది, కానీ వూఫర్ మోసే బలం దాదాపు సగానికి పడిపోతది, వేడి అంతా ఒక్క కాయిల్ మీదే కదా. బాక్స్ లెక్క కూడా మారిపోతది, బాస్ వదులుగా వస్తది. ఖాళీగా ఉన్న కాయిల్ రెండు కొసలు పొరపాటున కలిశాయంటే అది కోన్‌కు బ్రేక్ వేసినట్టు పనిచేస్తది. ఆ మందు వద్దు.

పరకాల మెకానిక్ | గురువారం, రాత్రి 10:40

తమ్మీ, నాలుగు చానెళ్లు డోర్ స్పీకర్లకే ఇడ్సి, వూఫర్‌కు వేరె మోనో యాంప్ పెట్టు, డీ క్లాస్‌ది, అంటె తక్కువ వేడెక్కే రకం. 2 ఓమ్‌ల 300 ఆర్‌ఎంఎస్ ఉన్నది చూడు. అప్పుడు ఇప్పుడు విప్పిన ప్యారలల్ వైరింగే మళ్ల పనికొస్తది. డబ్బా మీద 3000 వాట్స్ అని ఉన్నా సదవకు. 14.4 వోల్టుల కాడ ఇంత, డిస్టార్షన్ 1 శాతం అని రాసున్న అంకె సదువు. అట్ల రాసినోళ్లు కొలిచి రాసినట్టు. నేను షాపోన్ని, నాకు తెల్సు ఏ డబ్బా ఎట్ల అరుస్తదో.

నయీంనగర్ పోరడు | గురువారం, రాత్రి 10:48

400ది తీసుకుంటె ఇంకా మంచిది కాదా? లేకుంటె తక్కువది తీసుకుంటె వూఫర్ సేఫ్ కద?

లోకోషెడ్ తాత | శుక్రవారం, పొద్దున 6:15

ఈ రెండో మాట చాలామంది అంటారు, అదే వూఫర్లను తింటుంది. చిన్న యాంప్‌ను దాని శక్తికి మించి అరిపిస్తే అల తల తెగిపోతుంది, గుండ్రంగా రావాల్సింది చదునుగా వస్తుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. పూర్తిగా చదునైన అలలో, అంతే ఎత్తున్న గుండ్రటి అలకు రెట్టింపు శక్తి ఉంటుంది. 200 వాట్ల యాంప్ అనుకుని పెడితే, పూర్తిగా చదునుకు కొట్టినప్పుడు కాయిల్‌కు 400 దాకా వేడి పోవచ్చు. అలాగని చిన్న యాంప్ దానంతట అది చంపదు. గెయిన్ (యాంప్ సౌండ్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) మొత్తం పైకి తిప్పి, బాస్ బూస్ట్ పెట్టి, చాలక అరిపించే చెయ్యే చంపుతుంది. 400ది తెచ్చి గెయిన్ తగ్గించి వాడుకున్నా పర్వాలేదు. నీ చెయ్యి మీద నీకు నమ్మకం ఉందా?

నయీంనగర్ పోరడు | శుక్రవారం, పొద్దున 7:30

లేదు తాతా. 300దే తీసుకుంట.

నయీంనగర్ పోరడు | తర్వాతి బుధవారం, రాత్రి 9:15

తెచ్చిన. మోనో, డీ క్లాస్, 4 ఓమ్‌ల 180, 2 ఓమ్‌ల 300, 14.4 వోల్టుల కాడ అని రాసున్నది. 1 ఓమ్ పెట్టొద్దని బుక్కులనే ఉన్నది. ఈసారి పరకాల అన్న షాపుకే పోయిన. ప్యారలల్ చేసినం, సెల్ పెట్టి రెండు కాయిళ్లు ఒక్కతీరు లేస్తున్నయా అని మళ్ల చూసినం.

కని ఇంకో కొత్త ముచ్చట. గట్టిగ కొట్టినప్పుడు బ్యాటరీ కాడ 13.8 ఉంటె యాంప్ కాడ 12.3 ఉన్నది. ఒకటిన్నర వోల్టు ఎటు పోతున్నది?

బీటెక్ సప్లీ | తర్వాతి బుధవారం, రాత్రి 9:30

వైరు తినేస్తోంది. పాత కిట్ వైరేనా? కొస గీకి చూడు, లోపల వెండి రంగు కనబడితే అది పైపై రాగి పూత వేసిన అల్యూమినియం. అది రాగి కరెంటు మోసే దాంట్లో మూడింట రెండు వంతులు కూడా మోయదు. కిట్ డబ్బా మీద గేజ్ ఎంత ఉన్నా, తోలు మందంగా ఉండి లోపల తీగ సన్నగా ఉన్నవీ ఉంటాయి.

పరకాల మెకానిక్ | తర్వాతి బుధవారం, రాత్రి 10:00

నేనే చెప్త. ఈ రోజు పొద్దుగూకె, తమ్ముడు ఆగలేదు, అందుకే వైరు మార్చలె. గ్రౌండ్ చూసిన, పాత షాపాయన రంగు మీదనే స్క్రూ బిగిచ్చిండు. ఒకపక్క మీటర్ పుల్ల బ్యాటరీ మైనస్ మీద, ఇంకోపక్క యాంప్ గ్రౌండ్ మీద పెట్టి పాట పెడితె 0.7 వోల్టులు చూపెట్టింది. అంటె సగం నష్టం ఆడనే. రేపు రమ్మన్న. రంగు గీకి తెల్ల ఇనుము తేల్చి, వాషర్ పెట్టి బోల్ట్ బిగిస్త, పైన గ్రీజ్ రాస్త, తుప్పు పట్టకుండ. ప్లస్‌కు అసలు రాగి 4 గేజ్ వేస్త, 21 చదరపు మిల్లీమీటర్లది. రెండు యాంపులకు గదే లైన్ పోయి డిక్కీల పంచుకుంటది. బ్యాటరీ పక్కన్నే జానెడు రెండు జానల దూరంల ఫ్యూజ్. ఆ ఫ్యూజ్ యాంప్ కోసం కాదు, వైరు ఎక్కడన్న రాసుకుని బాడీకి తాకితె బండి అంటుకోకుంట.

నయీంనగర్ పోరడు | తర్వాతి గురువారం, రాత్రి 8:40

ఇప్పుడు 13.7, 13.3! అన్న పొద్దంత సీట్లు పీకి పని చేసిండు. రంగు గీకుతుంటె పాణం అంగలార్చింది కని, గ్రౌండ్ నష్టం 0.1 లోపలికి వచ్చింది.

ఇగ గెయిన్ ఒక్కటే మిగిలింది. అన్న "చెవితోటి పెడ్త" అన్నడు, బీటెక్ అన్న "మీటర్‌తోటి పెట్టాలె" అని మొన్న మెసేజ్ పెట్టిండు. ఎవల మాట వినాలె?

బీటెక్ సప్లీ | తర్వాతి గురువారం, రాత్రి 8:55

మీటర్‌తో మొదలుపెట్టు, చెవితో ముగించు. 300 వాట్స్, 2 ఓమ్. గుణిస్తే 600, దాని వర్గమూలం 24.5. అదే నీ వోల్టు.

వూఫర్ వైరు యాంప్ కాడ విప్పెయ్. స్టీరియోలో ఈక్వలైజర్ సున్నా, యాంప్‌లో బాస్ బూస్ట్ సున్నా, గెయిన్ మొత్తం కిందికి. 50 హెర్ట్జ్ టోన్ నెట్‌లో దొరుకుతది, పెన్‌డ్రైవ్‌లో వేసుకో. స్టీరియో వాల్యూమ్ నువ్వు ఎంతకు మించి పెట్టవో అంతకు పెట్టు, 40కి 30 అనుకో. మీటర్ ఏసీ వోల్టుల మీద పెట్టి యాంప్ స్పీకర్ టెర్మినళ్లకు పట్టు. గెయిన్ మెల్లగా తిప్పు, 24.5 రాగానే ఆపు. స్టీరియో ఆపి వూఫర్ వైరు బిగించు. పాట పెట్టి విను, బాస్ గరగరమంటే ఇంకా కొంచెం తగ్గించు. లోడ్ లేకుండా కొలిచాం కాబట్టి అంకెను వేదం అనుకోవద్దు. లో పాస్ (వూఫర్‌కు కింది శబ్దాలనే పంపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టు, నీ డోర్ స్పీకర్లకు హై పాస్ (వాటికి బాస్ పోకుండా ఆపేది) కూడా అంతే.

పరకాల మెకానిక్ | తర్వాతి గురువారం, రాత్రి 9:10

నా చెవి 23 చెప్పింది. దూరం ఏం లేదు.

నయీంనగర్ పోరడు | తర్వాతి ఆదివారం, రాత్రి 9:25

నిన్న మళ్ల అదే దోస్తులతోటి ములుగు పోయొచ్చిన. గూడెప్పాడ్ కాడ అందరు లైట్ దిక్కే సూస్తున్నరు. రాలే. మల్లంపల్లి దాటినం, రాలే. ములుగు పోయి చాయ్ తాగి తిరిగొచ్చినం, యాంప్ మీద చెయ్యి ఆనుతున్నది. మొదటి రోజు కంటె గట్టిగ ఉన్నది, గట్టిగున్నా డోలు డోలు లెక్కనే వినబడుతున్నది. బావ పాత యాంప్ డోర్ స్పీకర్లకే ఉన్నది, దానికి గూడ పాణం నిమ్మలమైంది.

తాతా, మీరు కాజీపేటల ఎక్కడుంటరో చెప్పుండ్రి, స్వీట్లు తెస్త.

లోకోషెడ్ తాత | తర్వాతి ఆదివారం, రాత్రి 9:50

షుగర్ ఉంది, స్వీట్లు వద్దు. రాత్రి పది దాటినాక మా వీధిలోకి ఆ పాటతో రాకు, అదే చాలు.

నయీంనగర్ పోరడు | తర్వాతి ఆదివారం, రాత్రి 9:58

రాను తాతా. ఒక్కటే మిగిలింది అన్నలూ, బాస్ పడ్డప్పుడల్ల ఎన్క నంబర్ ప్లేట్ గిలకల్లెక్క మోగుతున్నది.

గోదావరిఖని బొగ్గు | తర్వాతి ఆదివారం, రాత్రి 10:04

ప్లేట్ ఎన్క రెండు మూలలకు తలుపుల సందులకు అతికించే ఫోమ్ టేప్ ముక్క పెట్టు. ఇరవై రూపాయల పని. నా బండికి డిక్కీ తలుపు లోపలి ప్లాస్టిక్‌కు గూడ పెట్టిన.